అద్దం వెనుక కన్నం

మొన్నటి వేసవిలో మా కాలేజీ విద్యార్థులు కొందరు ‘కాండీమాన్’ అనే అమెరికన్ చిత్రాన్ని వేసి, దానిమీద నాలుగు మాటలు మాట్లాడమని నన్ను పిలిచారు. దయ్యం సినిమాకు నేనెందుకయ్యా అని తప్పించుకోబోయాను గాని వాళ్ళు వదల్లేదు. చిత్రం అయిపోయి దీపాలు వేశాక వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, “మాస్టారూ, ఆ మనిషిని చంపించింది డబ్బున్న తెల్లవాళ్ళు గదా. మరి దయ్యమై వచ్చి పేదవాళ్ళ కొంపల మీద పడతాడేమిటి?” అని అడిగింది. నేను ఏదో చెప్పాను. ప్రతీక అన్నాను, సామూహిక స్మృతి అన్నాను. ఆ అమ్మాయి కూర్చుంది గాని ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చి ఆలోచిస్తే నేను చెప్పినదాన్ని నేనూ ఒప్పుకోలేకపోయాను. ఆ ప్రశ్నకు ఆనాడు చెప్పవలసిన జవాబు ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట. దయ్యం కథ అనగానే మూఢనమ్మకమని ముద్ర వేసి పక్కకు నెట్టే అలవాటు మన విమర్శకుల్లో చాలామందికి ఉంది. నాకూ ఉండేది. దయ్యాన్ని నమ్మడం వేరు, దయ్యాన్ని నమ్మవలసి వచ్చిన మనుషుల్ని అర్థం చేసుకోవడం వేరు. మొదటిది మనకు అక్కరలేదు. రెండోది చెయ్యకుండా ప్రజాసాహిత్యమంటూ మాట్లాడ్డానికి మనకు అర్హత లేదు.

చిత్రానికి మూలం ఇంగ్లీషు రచయిత క్లైవ్ బార్కర్ రాసిన ‘ది ఫర్బిడెన్’ అనే కథ. ‘బుక్స్ ఆఫ్ బ్లడ్’ అనే ఆయన కథల ఐదో సంపుటంలో 1985లో వచ్చింది. బార్కర్ 1952లో లివర్‌పూల్‌లో పుట్టినవాడు. ఈ కథ రాసేనాటికి ఇంగ్లండులో థాచరు ప్రభుత్వం నడుస్తూంది. కౌన్సిలు కట్టించి అద్దెకిచ్చిన ఇళ్ళను అందులో ఉన్నవాళ్ళకే అమ్మేసే చట్టం 1980లో వచ్చింది. కొనగలిగినవాళ్ళు మంచి ఇళ్ళు కొనుక్కున్నారు. కొనలేనివాళ్ళకు మిగిలినవి మిగిలాయి. కథ జరిగే స్పెక్టర్ స్ట్రీట్ ఎస్టేటు అలా మిగిలిపోయినవాళ్ళ పేట. దాన్ని గీసిన ఇంజనీరు గొప్ప జ్యామితి గీశాడట గాని ఆ అందం ఆకాశంలోంచి చూసేవాడికే కనబడుతుంది, లోపల బతికేవాళ్ళకు కనబడదు. ఇంత చక్కని వ్యంగ్యంతో కథ మొదలుపెట్టిన రచయితను భయానకం రాస్తాడు గదా అని తోసిపుచ్చడం న్యాయం కాదు.

ఆ పేటకు హెలెన్ అనే యూనివర్సిటీ అమ్మాయి వస్తుంది. గోడల మీది రాతలమీద సిద్ధాంత వ్యాసం రాస్తూంది. పేట ఆడవాళ్ళు ఆమెకు హత్యల కథలు చెబుతారు. ఒకటి నమ్మబోయేసరికి ఇంకొకరు కాదంటారు, పోలీసులకు ఏమీ తెలియదు. ఆమె భర్తా, అతని మేధావి మిత్రులూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని అవన్నీ కట్టుకథలని తేల్చేస్తారు. చివరకు కాండీమాన్ కనబడతాడు. పసుపు పచ్చని మేను, రంగురంగుల అతుకుల బట్టలు, చేతికి కొక్కెం, ఒంటినిండా తేనెటీగలు. అతనికి పూర్వకథ లేదు. ఎవరో, ఎందుకు చచ్చాడో కథకుడు చెప్పడు. జనం చెప్పుకుంటున్నంతకాలమే బతికే వదంతి అతను. ఆఖరున పేటవాళ్ళు చలిమంట పండుగకు పేర్చుకున్న కట్టెల్లో హెలెన్ కాలిపోతుంది. పేట అంతా చూస్తూ ఉంటుంది. నోరెత్తేవాడు ఒక్కడుండడు.

కథగా ఇది బలమైనది. లోపం కూడా అక్కడే ఉంది. పేటవాళ్ళు దయ్యాన్ని ఎందుకు దాచుకుంటున్నారో బార్కరుకు పట్టలేదు. పేదరికం ముదిరితే మనుషులు మృత్యువును పూజిస్తారన్నట్టు రాశాడు. జ్యామితి గీసినవాడి తప్పును మొదటి పేరాలో పట్టుకున్న రచయిత చివరి పేజీకి వచ్చేసరికి నేరాన్ని లోపలివాళ్ళ నెత్తిన పెట్టాడు.

ఈ కథను బెర్నార్డ్ రోజ్ అనే ఇంగ్లీషు దర్శకుడు 1992లో చిత్రంగా తీశాడు. డబ్బు పెద్ద స్టూడియోలది కాదు. తీసిన సంస్థ పేరు ప్రాపగాండా ఫిలింస్. మనం ఏది రాసినా ‘ప్రచార సాహిత్యం’ అని ఎత్తిపొడిచే పెద్దలు హాలీవుడ్డులో ఒక కంపెనీ ఆ పేరు గర్వంగా పెట్టుకున్నదని గమనిస్తే బాగుంటుంది. కోటి డాలర్ల లోపు ఖర్చుతో తీశారు, ఒక్క అమెరికాలోనే రెండున్నర కోట్ల డాలర్ల పైగా వసూలైంది. కాండీమాన్ వేషం వేసిన టోనీ టాడ్ (2024లో చనిపోయాడు) ఒంటిమీద నిజం తేనెటీగలను వదలడానికి ఒప్పుకుంటూ ఒక్కొక్క కాటుకు వెయ్యి డాలర్లు అదనంగా ఇవ్వాలని ఒప్పందం రాయించుకున్నాడట. 23 కాట్లు పడ్డాయని ఆయనే చెప్పుకున్నాడు. చిత్రంలో ఎవరికీ దొరకని నష్టపరిహారం చిత్రం బయట ఆ నటుడికైనా దొరికిందని సంతోషించాను.

రోజ్ చేసిన పెద్ద మార్పు స్థలం. కథను ఇంగ్లండులోంచి ఎత్తి చికాగోలో కాబ్రిని-గ్రీన్ అనే పేటలో పెట్టాడు. ఈ పేట చరిత్ర కొంచెం తెలియకపోతే చిత్రం సగమే అర్థమవుతుంది. 1942లో యుద్ధ కార్మికుల కోసం 586 చిన్న వరస ఇళ్ళు కట్టారు. అప్పటికి అందులో ఎక్కువమంది తెల్లవాళ్ళే, చాలామంది ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు. 1958లోనూ 1962లోనూ పెద్ద పెద్ద మేడలు లేచాయి. మొత్తం 3,600 ఇళ్ళు. బాగా నిండిన రోజుల్లో 15 వేలమంది జనం. ఈలోగా తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు, నల్లవాళ్ళు మిగిలారు. ఈ ఎడబాటు దానంతట అది జరిగింది కాదు. చికాగో గృహనిర్మాణ సంస్థ స్థలాలు ఎంచుకోవడంలోనూ అద్దెదార్లను కేటాయించడంలోనూ జాతివివక్ష పాటించిందని 1969లో కోర్టే తీర్పు చెప్పింది. ఆ సంవత్సరమే అద్దె ఆదాయంలో నాలుగోవంతు దాటరాదని చట్టం వచ్చింది. అది న్యాయమైన చట్టమే. తగ్గిన అద్దెకు సరిపడా సొమ్ము మాత్రం పైనుంచి రాలేదు. లిఫ్టులు ఆగిపోయాయి, దీపాలు ఆరిపోయాయి, బాగుచేసేవాడు రావడం మానేశాడు. ఇంత జరిగాక ‘వీళ్ళకు మంచి ఇళ్ళిచ్చినా పాడుచేసుకుంటారు’ అనే మాట పుట్టింది. ఈ మాట మనకు కొత్తది కాదు.

ఈ పేటకు మైలు దూరంలో గోల్డ్ కోస్ట్ ఉంది, చికాగో కోటీశ్వరులు ఉండే సరస్సు ఒడ్డు. ఈ ఇరుగుపొరుగుల మీద హార్వీ జోర్బా 1929లోనే ‘ది గోల్డ్ కోస్ట్ అండ్ ది స్లమ్’ అని పుస్తకం రాశాడు. అంటే హెలెన్ రాకముందే అరవై ఏళ్ళుగా పరిశోధకులు ఆ పేట తలుపు తడుతూనే ఉన్నారు.

ఇక అద్దం సంగతి. అద్దం ముందు నిలబడి ఐదుసార్లు పేరు పిలిస్తే కాండీమాన్ వస్తాడని చిత్రంలో నమ్మకం. పేటలో రూతీ జీన్ అనే ఆవిడ హత్య అయింది. గోడలోంచి ఎవరో వస్తున్నారని పోలీసులకు ఫోను చేసినా నమ్మలేదని యూనివర్సిటీలో ఊడ్చి తుడిచే ఆడవాళ్ళు హెలెన్‌కు చెబుతారు. హెలెన్ వెళ్ళి చూస్తుంది. స్నానాలగదిలో మందుల అలమర ఉంటుంది, దాని తలుపుకే అద్దం. అలమర లాగితే వెనుక గోడ లేదు! పక్క ఇంటి అలమర వెనుక భాగం కనబడుతుంది. గొట్టాలు బాగుచెయ్యడానికి వీలుగా రెండిళ్ళ మధ్య సందు వదిలి, దానికి అటూ ఇటూ ఈ అలమరలు బిగించారు. అద్దంలోంచి దయ్యం వస్తుందన్న కథకు అసలు రూపం అది. మన భాషలో దానికి చక్కని మాట ఉంది, కన్నం. కట్టేటప్పుడే వేసి ఇచ్చిన కన్నం.

ఇది దర్శకుడు ఊహించింది కాదు. 1987 ఏప్రిల్‌లో చికాగోలోనే అలాంటి మరో సర్కారు మేడలో ఒంటరిగా ఉన్న ఒక నల్లజాతి స్త్రీ, పక్కింటివాళ్ళు స్నానాలగది అలమర తోసుకుని వస్తున్నారని పోలీసులకు ఫోను చేసింది. పోలీసులు వచ్చారు, తలుపు తట్టారు, పలకలేదని వెళ్ళిపోయారు. రెండు రోజుల తర్వాత శవం దొరికింది. ఆ ఏడే ‘చికాగో రీడర్’ పత్రికలో స్టీవ్ బోగిరా దానిమీద వివరంగా రాశాడు. చిత్రం దయ్యాన్ని బార్కరు కథలోంచి తెచ్చుకుంటే కన్నాన్ని ఈ వార్తలోంచి తెచ్చుకుంది. ఈ రెండింటినీ కలపడమే రోజ్ ప్రతిభ. ‘అంతా వదంతి’ అని నవ్వే చదువుకున్నవాళ్ళకు వదంతి వెనుక ఇటికలు లేని చోటు చూపించాడు.

అక్కడితోనూ ఆగలేదు. హెలెన్ కాపరమున్న ఖరీదైన ఫ్లాటు ఉంది గదా. అది కూడా మొదట సర్కారు పేదల ఇళ్ళకోసం కట్టిన మేడేనని, అదే నమూనా అని, పైన సున్నం మెత్తి అమ్మకానికి పెట్టారని ఆమె పాత వార్తల్లో కనిపెడుతుంది. తన అద్దం ఊడదీసి చూస్తే అదే సందు. కాబ్రినిని రైలుదారీ పెద్ద రోడ్డూ విడదీస్తున్నాయి, ఈ మేడకూ గోల్డ్ కోస్టుకూ మధ్య అడ్డేమీ లేదు, అందుకే పేదలకు ఇవ్వకుండా మార్చేశారని స్నేహితురాలికి వివరిస్తుంది. నిజానికి ఆ చోట లేచిన కార్ల్ శాండ్‌బర్గ్ విలేజి 1960ల్లో మధ్యతరగతి కోసమే కట్టినది, మురికివాడకూ గోల్డ్ కోస్టుకూ నడుమ గోడలాగా. చిత్రం చెప్పింది ఆ మేడల విషయంలో నిజం కాకపోవచ్చు, నగరం విషయంలో నిజమే. ఒకే గోడ, ఒకవైపు అది భయం, రెండోవైపు స్థిరాస్తి. నేను చూసిన భయానక చిత్రాల్లో వర్గసంబంధాన్ని ఒక్క స్క్రూడ్రైవరుతో విప్పి చూపించిన దృశ్యం ఇదొక్కటే.

ఇంత చేసిన చిత్రం ఆ తర్వాత ఎక్కడ దారి తప్పిందో చూద్దాం.

బార్కరు ఇవ్వని పూర్వకథను రోజ్ ఇచ్చాడు. ఒకప్పుడు బానిసగా బతికిన ఒకాయన జోళ్ళు తయారుచేసే యంత్రమొకటి కనిపెట్టి గడించాడు. ఆయన కొడుకు చదువుకుని చిత్రకారుడయ్యాడు. 1890లో ఒక తెల్లజాతి ధనికుడి కూతురి బొమ్మ గియ్యడానికి వెళ్ళి ప్రేమించాడు. ఆమె గర్భవతి అయింది. తండ్రి గూండాలను పంపాడు. వాళ్ళు అతని చెయ్యి కోసి, ఒళ్ళంతా తేనె పూసి, తేనెటీగలకు వదిలి, తగలబెట్టారు. ఆ బూడిద చల్లిన నేలమీదే కాబ్రిని-గ్రీన్ లేచింది. అమెరికాలో 1882 నుంచి 1968 వరకు మూకలు చంపిన మనుషులు 4,743 మంది, వారిలో నల్లవాళ్ళు 3,446 మంది అని టస్కీగీ విద్యాసంస్థ లెక్క కట్టింది. ఆ లెక్కలో ఒక మనిషికి ముఖమిచ్చాడు రోజ్. ఇది గొప్ప మార్పు. ఈ కథ ఎవరు చెబుతారో కూడా గమనించండి: తెల్ల ప్రొఫెసరు, భోజనం చేస్తూ, హెలెన్ మీద తన పాండిత్యం చూపుకోవడానికి. పేటవాళ్ళలో ఒక్కరి నోటా ఈ కథ రాదు. చచ్చినవాడి చరిత్ర ప్రొఫెసరు దగ్గరా, వాడి కొక్కెం పేటవాళ్ళ దగ్గరా ఉన్నాయి.

ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. మూకహత్య ఎక్కువగా దక్షిణాది పద్ధతి. చికాగోలో నల్లవాళ్ళ మీద నెత్తురు చిందకపోలేదు. 1919 అల్లర్లలో 38 మంది చచ్చారు, 23 మంది నల్లవాళ్ళు. అయినా ఆ నగరం నల్లవాణ్ణి కట్టిపడేసింది ప్రధానంగా దస్తావేజుతో. ఈ ఇల్లు నల్లవాళ్ళకు అమ్మరాదని రాసుకున్న దస్తావేజులను 1948 దాకా కోర్టులు అమలుచేశాయి. ఇళ్ళమీద తీసిన చిత్రంలో దస్తావేజు లేకపోవడం, దాని స్థానంలో ప్రేమకథ రావడం చిన్న లోపం కాదు. దస్తావేజుకు వారసులున్నారు, వాళ్ళ చిరునామా తెలుసు. అలాంటి ప్రేమకథకు వారసులు లేరు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. దయ్యం పేదవాళ్ళ మీదే ఎందుకు పడింది?

జవాబులో ఒక సగం చిత్రానికి అనుకూలం. నేను చిన్నప్పుడు విన్న కథల్లో, అత్తింటి బాధ పడలేక దిగుడుబావిలో పడి చచ్చిన కోడలు దయ్యమై పట్టేది అత్తగారిని కాదు, బావికి నీళ్ళకు వచ్చిన మరో పడుచును. పీడితుడి కోపం పీడకుడి దాకా పోయే దారి లేనప్పుడు దగ్గర దొరికినవాళ్ళ మీద పడుతుంది. ఇది దయ్యాల శాస్త్రం కాదు, సమాజ శాస్త్రం. చిత్రంలో కాండీమాన్ పేరు చెప్పుకుని కొక్కెం పట్టుకుతిరిగే రౌడీ ఒకడుంటాడు. రూతీ జీన్‌ను చంపింది దయ్యమంటే వాడికి లాభం. పోలీసులకూ లాభమే, వెతకనక్కరలేదు. ఆ రౌడీ హెలెన్‌ను కొట్టినప్పుడు పేటంతా పోలీసులు నిండుతారు. ఇద్దరు నల్లవాళ్ళు చస్తే కదలనివాళ్ళు తెల్ల ఆడది దెబ్బలు తింటే పేటకు తాళం వేశారన్న మాట చిత్రంలోనే వస్తుంది. ఇంతవరకు రోజ్ చూపు స్పష్టం.

రెండో సగం చిత్రానికి ప్రతికూలం. ఈ మాట అనిపించిన తర్వాత చిత్రం సరిగ్గా ఆ పోలీసులు చేసిన పనే చేసింది. మిగిలిన గంటంతా హెలెన్ వెంట పడింది. ఆన్-మేరీ అనే యువతి ఉంది. పసిబిడ్డను పెంచుకుంటూ, గది శుభ్రంగా పెట్టుకుని, ఇక్కడికి వచ్చే తెల్లవాళ్ళు మాకు చేటే తెస్తారని హెలెన్ ముఖాన అంటుంది. చిత్రంలో తెలివైన మాటలు ఆమెవే. ఆమె బిడ్డను దయ్యం ఎత్తుకుపోతే ఆమె చేత కేకలు పెట్టించి ఊరుకున్నారు. హెలెన్ స్నేహితురాలు బెర్నడెట్, నల్లజాతి పరిశోధకురాలు, కొక్కేనికి బలైపోతుంది. కాండీమాన్ మాత్రం హెలెన్‌లో తన ప్రియురాలిని చూసుకుని మంద్రస్వరంతో ప్రేమ పలుకుతాడు. ఫిలిప్ గ్లాస్ సంగీతం, ఆర్గనూ బృందగానమూ, ఆ ప్రేమకు గుడిగంటలా మోగుతుంది. సంగీతం గొప్పది. అది ఎవరికోసం మోగుతున్నదన్నదే నా తగువు. రూతీ జీన్ కోసం ఒక్క స్వరం వినబడదు.

చివర హెలెన్ మంటలోంచి బిడ్డను కాపాడి చచ్చిపోతుంది. పేటంతా నడిచి ఆమె సమాధికి వస్తుంది. గోడమీద ఆమె బొమ్మ దేవతలాగా వెలుస్తుంది. మోసం చేసిన మొగుణ్ణి ఆమె దయ్యమై చంపుతుంది. హెలెన్ కోపం సరైన చిరునామాకు చేరిందన్నమాట! నల్లవాడికి నూరేళ్ళు పట్టినా దొరకని దారి, చదువుకున్న తెల్ల స్త్రీకి వారం రోజుల్లో దొరికింది. బార్కరు కథలో పేట ఎవరికీ మొక్కదు. ఆ విషయంలో కథే నిజాయితీగా ఉంది.

హెలెన్ మీద ఇంత కఠినంగా రాస్తున్నానంటే కారణం ఉంది. పదిహేనేళ్ళ కిందట నేనూ విద్యార్థుల్ని వెంటబెట్టుకుని ఒక వాడకు జానపద కథలు సేకరించడానికి వెళ్ళాను. ఒక ముసలమ్మ మాకు మూడు సాయంత్రాలు కథలు చెప్పింది. కథల మధ్య వీధి కుళాయి రావడంలేదనీ, ఎవరికైనా చెప్పమనీ రెండుసార్లు అడిగింది. కథలు అచ్చుకు ఇచ్చాం. కుళాయి సంగతి నా నోటుబుక్కులో రాసుకున్న గుర్తు కూడా లేదు. హెలెన్ పేటవాళ్ళ గోడలకు ఫొటోలు తీస్తున్నప్పుడు ఆ ముసలమ్మ గుర్తుకు వచ్చింది. ఆనాటి నా జవాబులో ప్రతీకలు అంత త్వరగా దొర్లడానికి కారణం బహుశా ఇదే.

చిత్రం 1992 అక్టోబరు 16న విడుదలైంది. దానికి మూడు రోజుల ముందు అదే కాబ్రిని-గ్రీన్‌లో తల్లి చెయ్యి పట్టుకుని బడికి వెళుతున్న ఏడేళ్ళ పిల్లవాడు తుపాకి గుండుకు చచ్చిపోయాడు. దేశమంతటికీ ఆ పేట పేరు భయానికి మారుపేరైంది. 1995 నుంచి మేడలు కూలగొట్టడం మొదలుపెట్టి, చివరిదాన్ని 2011లో నేలమట్టం చేశారు. అక్కడ లేచిన కొత్త ఇళ్ళలో పాతవాళ్ళలో కొద్దిమందికే చోటు దొరికింది. ఈ చిత్రం వల్లనే కూలగొట్టారని నేననను. ఒక సినిమాకు అంత శక్తి లేదు. దయ్యాలు తిరిగే చోటని పేరుపడ్డ ఇంటిని కూలగొడితే ఎవరూ అడ్డుపడరని మాత్రం అంటాను. కన్నం పూడ్చడం కన్న మేడ కూల్చడం లాభసాటి, నేల గోల్డ్ కోస్టు పక్కన ఉన్నప్పుడు.

2021లో నియా డకోస్టా అనే నల్లజాతి దర్శకురాలు ఈ కథను మళ్ళీ చేపట్టింది. ఆనాడు మంటలోంచి బయటపడ్డ పసిబిడ్డ పెద్దవాడై, చిత్రకారుడై, కూలిన పేట పక్కన లేచిన ఖరీదైన ఫ్లాటులో కాపరముంటాడు. కాండీమాన్ ఒక్కడు కాదు, తరతరాలుగా చంపబడ్డ నల్లవాళ్ళంతా అతనే అంటుంది. ఆఖరున కొక్కెం పోలీసుల మీదికి లేస్తుంది. చిరునామా దిద్దిన మాట నిజం. కాని దిద్దుతున్నానని పాత్రలచేత పదేపదే చెప్పించడంతో చాలాచోట్ల ఉపన్యాసమైంది. పేటవాళ్ళు అందులోనూ కరువే. వాళ్ళను అప్పటికే ఖాళీ చేయించారు మరి. రోజ్ అలమర లాగి చూపించిన క్షణానికి సాటివచ్చే క్షణం ఆ చిత్రంలో నాకు కనబడలేదు.

వచ్చే నెల మా విద్యార్థులు ఆ రెండో చిత్రాన్ని వేస్తామంటున్నారు. ఈసారి మొదట మాట్లాడవలసింది వెనక బెంచీ అమ్మాయి అని చెప్పాను. ఆవిడ ఒప్పుకుంది గాని ఒక షరతు పెట్టింది, చర్చకు మా కాలేజీలో ఊడ్చి తుడిచే ఇద్దరు ఆడవాళ్ళనూ పిలవాలని.